పోయే నీటికి దారి

అన్నం వార్చిన స్టీలు గిన్నెను ఖాళీ చేసి, సింకులో బోర్లించి పంపు తిప్పితే ఒక వింత కనిపిస్తుంది. ధార పడినచోట నీరు పలచగా మెరుస్తూ అన్ని వైపులకీ పరుగెడుతుంది. నాలుగు వేళ్ళ వెడల్పు పోయిందో లేదో ఒక్కసారిగా గట్టు కట్టుకుని లేస్తుంది. ఆ గట్టుకు అవతల అదే నీరు మందంగా, బద్ధకంగా కదులుతుంది. ఈ వలయాన్ని లియొనార్డో డావించి ఎప్పుడో గమనించాడనీ, 1914లో లార్డ్ రేలీ దీనికి లెక్క కట్టాడనీ చదివాను. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ గట్టు కాదు. గట్టుకు లోపల గిన్నె చూస్తూండగానే చల్లారిపోతుంది, వేలు పెట్టి చూడొచ్చు. అవతల, అంచు దగ్గర, ఇంకా చురుక్కుమంటూనే ఉంటుంది. అదే నీరు, అదే పంపు, అదే గిన్నె. పైగా అంచు దగ్గర నీరు లోతుగా కూడా ఉంది. ఎక్కువ నీళ్ళున్నచోట ఎక్కువ చల్లబడాలి కదా? చిన్నప్పటి నుంచీ మన బుర్రలో ఉన్న లెక్క అదే కదా? మరి పలచని నీరు చేసిన పని లోతు నీరు ఎందుకు చెయ్యలేకపోయింది?

జవాబు నాకు పుస్తకాల్లో దొరకడానికి ముందే ఒంటికి తెలుసు. చలికాలంలో నాయనమ్మ మరిగే కాగులోంచి నీళ్ళు తోడి పెద్ద బేసినులో పోసి, అందులో నన్ను నిలబెట్టేది. కాలు పెట్టగానే మంట. కాసేపు కదలకుండా నిలబడితే ఆ మంట సర్దుకునేది. "కదపకు, కాలుద్ది" అనేది. నిజంగానే కాలు కదిపితే మళ్ళీ మొదటి మంటే. నీళ్ళు ఆ కాసేపట్లో చల్లారలేదు. నా చర్మాన్ని అంటుకున్న ఒక పలచని నీటి పొర నా ఒంటి చల్లదనాన్ని తీసుకుని, అవతలి వేడికీ నాకూ మధ్య అడ్డం నిలబడింది. కదిపితే ఆ పొర చెదిరిపోయేది. 1904 ఆగస్టులో హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణితజ్ఞుల అంతర్జాతీయ సభలో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ ఇంజనీరు చదివిన చిన్న వ్యాసం ఈ పొర గురించే. ప్రవాహం ఎంత ఉధృతంగా ఉన్నా, గోడను తాకుతున్న నీరు గోడతో పాటు నిలిచే ఉంటుంది. ఆ నిలకడ నుంచి అసలు వేగానికి చేరేలోపు ఒక పలచని సరిహద్దు ఉంటుంది. ఏం జరిగినా అక్కడే జరుగుతుంది అన్నాడాయన. నది మొత్తాన్ని వదిలేసి ఒడ్డుకు అంటుకున్న తడిని చూడమన్న మనిషి. విమానం రెక్కల శాస్త్రమంతా ఆ తడి మీదే లేచి నిలబడింది.

ఇక నా అవసరం సంగతి. భవనాల్లో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో లెక్క కట్టడం నా వృత్తి. కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఒక కంప్యూటరు రాత్రంతా ఆ లెక్కలు చేస్తూ ఉంటుంది. అందులో ఉన్నది ఏఎండీ వాళ్ళు 2020 చివర్లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 142 వాట్ల దాకా లాగుతుంది. ఇదేం పెద్ద సంఖ్య, పాతకాలం బల్బులు రెండు వేసినంత కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ అందులో చాలా భాగం పుట్టేది దాదాపు 80 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో. అంటే చదరపు సెంటీమీటరుకు నూరు వాట్లకు పైమాటే. మే నెల మధ్యాహ్నం విజయవాడలో నడినెత్తిన పడే ఎండ చదరపు సెంటీమీటరుకు వాటులో పదో వంతు. ఆ ఎండకు వెయ్యి రెట్లు, గోరంత చోట, రాత్రీ పగలూ. ఎండాకాలంలో ఆ ముక్క 90 డిగ్రీలకు చేరి తన వేగాన్ని తనే తగ్గించుకునేది. ఫ్యాను హోరుకి పక్క గదిలో పిల్లలు లేచేవాళ్ళు. నీటితో చల్లబరచాలన్న ఆలోచన అలా వచ్చింది. అందుకు కావలసిన పరికరాలు కొనుక్కోవచ్చు, బజారులో దొరుకుతాయి. కానీ గిన్నె మీద చూసిన ఆ మెరిసే వలయం మనసులో ఉండగా, డబ్బా విప్పి బిగించుకోవడంతో తృప్తి కలుగుతుందా?

వాటర్ బ్లాక్ అంటే చూడ్డానికి ఏమీ లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద బిళ్ళ. అడుగున రాగి రేకు ప్రాసెసర్ నెత్తిన కూర్చుంటుంది. పైన అక్రిలిక్ మూత, దానికి నీళ్ళు వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం ఒకటి. అక్కడ వేడెక్కిన నీరు రేడియేటరుకు పోయి, ఫ్యాన్ల గాలికి వేడి వదిలి, పంపు ద్వారా మళ్ళీ వస్తుంది. మొదటి లెక్కే నా పాత నమ్మకాన్ని తుడిచేసింది. నిమిషానికి ఒక లీటరు నీరు 70 వాట్ల వేడిని మోసుకుపోతే ఆ నీటి ఉష్ణోగ్రత పెరిగేది ఒక్క డిగ్రీ. నిమిషానికి నాలుగు లీటర్లు తిప్పితే నా ప్రాసెసర్ వేడి మొత్తాన్నీ మోసినా నీరు అర డిగ్రీ పెరుగుతుంది, అంతే. అంటే మోసుకుపోవడానికి నీళ్ళకు కొదవ లేదు, ఎన్నడూ లేదు. రాగి దగ్గరా చిక్కు లేదు, అది స్టీలు కంటే పాతిక రెట్లు చురుగ్గా వేడిని లాగుతుంది. చిక్కంతా రాగి నుంచి నీటిలోకి దాటే ఆ ఆఖరి అడుగులో ఉంది. లోహానికి అంటుకుని కదలని పొరలో. నీరు రాగిలో ఆరు వందలో వంతు కూడా వేడిని లాగలేదు. కాబట్టి ఆ పొర ఎంత మందముంటే అంత దుప్పటి కప్పినట్టే. మెల్లగా పక్క నుంచి జారిపోయే నీటిలో అది మిల్లీమీటరులో కొన్ని పదో వంతులు ఉండొచ్చు. ధారగా నిలువునా వచ్చి కొట్టే నీటిలో, ధార పడినచోట, వందో వంతుల్లోకి దిగుతుంది. వెంట్రుక కంటే పలచన.

పెద్దవాళ్ళు ఈ పొరతో పోరాడిన తీరు చదువుతుంటే పొద్దు తెలియదు. 1980లో ఐబీఎం 3081 అనే పెద్ద యంత్రాన్ని ప్రకటించినప్పుడు దాని చిప్పుల వీపు మీద స్ప్రింగులతో చిన్న పిస్టన్లు అదిమిపెట్టి, మధ్య ఖాళీల్లో హీలియం నింపి, పైన నీళ్ళ పలక బిగించింది. ఆ మరుసటి ఏడు స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ టకర్‌మన్, ఫేబియన్ పీస్ అనే ఇద్దరు సిలికాన్ వీపునే చెక్కేశారు. ఒక్కోటి 50 మైక్రాన్ల వెడల్పున్న సన్నని కాల్వలు. వాటిలో నీళ్ళు పంపి చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు లాగి చూపించారు. కాల్వే అంత సన్ననైనప్పుడు అందులో మందపాటి పొర పట్టడానికి చోటెక్కడ? ఇప్పుడు బజారులో దొరికే బ్లాకులన్నీ ఆ ఆలోచన పిల్లలే. రాగిలో దువ్వెన పళ్ళలా సన్నని రెక్కలు కోసి ఉంటాయి. వాటిని కోసే యంత్రాలు నాకు అందుబాటులో లేవు, మా బస్తీ షాపుల్లోనూ లేవు. కానీ రంధ్రం? రంధ్రం ఎవరైనా వెయ్యొచ్చు. ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్టు ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. ధారతో కొట్టే పద్ధతి, జెట్ ఇంపింజ్‌మెంట్, ఇంట్లో చేసుకునేవాడిది అని నాకు తోచింది ఇందుకే. ఈ శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియాలో ఒక ఔత్సాహికుడు సరిగ్గా ఈ దారిలోనే వెళ్ళి, ధార పడే ప్రతిచోటా రాగిలో చిన్న గుంట చెక్కి, కొట్టిన నీరు ఆ గుంట గోడలను తడుముకుంటూ పైకి లేచేలా చేశాడు. ఆయన రూపకల్పన ఆధారంగానే 2005లో స్విఫ్టెక్ సంస్థ స్టార్మ్ అనే బ్లాక్‌ను మార్కెట్లోకి తెచ్చింది. పెద్ద ప్రయోగశాల లేని మనిషి చేసినది అప్పట్లో అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా నిలబడిందంటే, ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ధార పద్ధతికి పాత వంశమే ఉంది. జెట్ విమానం ఇంజనులో మండే వాయువుల మధ్య తిరిగే రెక్కల కడుపు బోలుగా ఉంటుంది. లోపల చిన్న రంధ్రాల నుంచి గాలి ధారలు రెక్క గోడను లోపలి వైపు నుంచి కొడుతూ ఉంటాయి, అవి లేకపోతే ఆ వేడికి ఆ లోహం నిలవదు. కారు అద్దాన్ని బలంగా చెయ్యడానికి ఎర్రగా కాల్చి గాలి ధారలతో ఒక్కసారిగా చల్లారుస్తారు. కాగితం, బట్ట ఆరబెట్టేదీ ఇలాగే. 1977లో హోల్గర్ మార్టిన్ ఈ పరిశోధనలన్నీ ఒకచోట కూర్చి రాసిన దీర్ఘ వ్యాసం ఇప్పటికీ ఈ విద్యకు పెద్దబాలశిక్ష. అందులోవి గాలి ధారలు. నాది నీటిలో మునిగిన నీటి ధార. సింకులోలాగా చుట్టూ గాలి ఉండదు, మెరిసే వలయమూ కట్టే గట్టూ ఉండవు. ధార తన పక్కనున్న నీటిని కూడా తనతో లాక్కుంటూ పోతుంది, పోయేకొద్దీ అంచులు కరిగిపోయి మధ్యలో మాత్రమే అసలు వేగం మిగులుతుంది. ఆ మధ్య భాగం ధార వెడల్పుకు అయిదారు రెట్ల దూరం దాకా బతుకుతుంది. ఆలోగా రాగిని చేరాలి. అంటే ఒక మిల్లీమీటరు ధారకు అయిదారు మిల్లీమీటర్లలోపే. ఇక్కడ ఇంకో మాట నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. ధార నిలువునా వచ్చి తగిలే సరిగ్గా ఆ నడిమి బిందువులో నీటికి వేగమే ఉండదు. ఎటు పోవాలో తేలని చోటు అది. అన్నింటికంటే బాగా చల్లబడేది ఆ పరిసరమే. వేగం చల్లబరుస్తుందనుకుంటాం. నిజానికి ఎప్పటికప్పుడు కొత్త నీరు గోడ దాకా వచ్చి చేరడం చల్లబరుస్తుంది. వేగం అందుకొక దారి మాత్రమేనేమో? అవునని రాసుకున్నాను, తర్వాత ప్రశ్నార్థకం పెట్టాను. ఇప్పటికీ తీసెయ్యలేదు.

కాగితం మీద మొదలుపెట్టాను. 30 రంధ్రాలు, ఒక్కోటి ఒక మిల్లీమీటరు, నాలుగేసి మిల్లీమీటర్ల ఎడం. నిమిషానికి నాలుగు లీటర్లు పంపితే ఒక్కో ధార సెకనుకు 2.8 మీటర్ల వేగంతో దూకుతుంది. దానికి పంపు ఇవ్వాల్సిన ఒత్తిడి మీటరు ఎత్తు నీటి కంటే తక్కువే. వేగం ఇంకా పెంచుదామా అని ఆశ పుడుతుంది. రంధ్రాన్ని సగం చేస్తే చాలు, వేగం నాలుగు రెట్లు. కానీ ఒత్తిడి పదహారు రెట్లు. కంప్యూటర్లకు వాడే డీ5 పంపు ఎత్తగలిగేది దాదాపు నాలుగు మీటర్ల నీరు. అర మిల్లీమీటరు రంధ్రాలలోంచి అంత నీరు తోయాలంటే ఆరు మీటర్లకు మించి కావాలి. కాబట్టి నీరే తగ్గిపోతుంది, ఆశ అక్కడ ఆగుతుంది. పైగా సన్న రంధ్రంలో చిన్న నలుసు పడ్డా ఒక ధార మూగబోతుంది. ఎక్కడ ధారలు పెట్టాలన్నది ఇంకో సంగతి. ఈ ప్రాసెసర్‌లో వేడి పుట్టే ముక్క నడిమధ్య ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. మూత మధ్యలో ఉంది కదా అని ధారలూ మధ్యలో పెడితే అవి సగం ఖాళీ చోటును తడుపుతాయి. అందుకే ధారల గుంపును మొత్తం వేడి వైపుకి జరిపి గీశాను. అందం పోయింది. చూసేవాళ్ళకు వంకరగా ఉంటుంది. వేడి ఎక్కడుందో అక్కడికే నీరు వెళ్ళాలి కదా, మన కంటికి బాగుండడం కోసం వెళ్ళదు కదా.

బాలానగర్ షాపుల వీధిలో నడిస్తే కోత నూనె వాసన మనకంటే ముందు నడుస్తుంది. లేత్‌ల మీద నుంచి ఇనుప చుట్టలు నీలిరంగు తేలి నేల మీద పడుతుంటాయి. నేను తీసుకువెళ్ళిన రాగి ముక్కను చూసి అక్కడ ఎవరికీ అంత ఇష్టం కలగలేదు. రాగి మెత్తన, కోతకు లొంగినట్టే లొంగి బిట్టుకు అంటుకుంటుంది, సాగుతుంది, సన్న బిట్టును చటుక్కున విరిచేస్తుంది. కిరసనాయిలు చుక్కలు వేస్తూ, కొంచెం దింపి మళ్ళీ పైకి తీసి చుట్టను దులుపుతూ, మళ్ళీ దింపుతూ పని చెయ్యాలి. రంధ్రాలు వేసే ధారల పలకకు ఇత్తడి తీసుకున్నాం, అది కొరికినట్టు తెగుతుంది, బిట్టుకు హాయి. మిల్లింగ్ యంత్రం నడిపే పెద్దాయన నా డ్రాయింగును కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. కంప్యూటరు గురించి ఆయన ఏమీ అడగలేదు. "సార్, నీళ్ళు లోపటికి మస్తుగ వస్తున్నయ్. కొట్టినంక గీ నీళ్ళు ఎటుకెల్లి పోవాలె?" అన్నాడు. ఒక పక్కన రంధ్రం చూపించాను. "గీ దిక్కు ధారకి నడుస్తది. గా దిక్కుదాని నీళ్ళన్నీ దీని మీదికెల్లే పోవాలె గద" అన్నాడు, వేలితో గీత గీస్తూ.

ఆ వేలు గీసిన గీతను నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మాది భీమవరం దగ్గర పల్లె. డెల్టాలో ప్రతి చేనుకూ రెండు కాల్వలు. నీరు తెచ్చేది పంట బోదె, నీరు తీసేది మురుగు బోదె. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే, ఆ నీళ్ళతోనే మేం పెరిగాం. మరి యనమదుర్రు, గొంతేరు లాంటి మురుగు కాల్వల గురించి ఎవరు దండ వేసి మాట్లాడారు? కార్తీకంలో తుఫాను పట్టి, కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంటే మా నాన్న గొడుగు వేసుకుని మొదట వెళ్ళేది మురుగు బోదె దగ్గరికి. గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉండేది. ఎగువ ఊళ్ళ నీళ్ళన్నీ అదే దారిన, మా చేల మీదుగా సముద్రానికి పోవాలి. దిగువ చేను తన వాన నీటికి మునగదు, ఎగువ చేల నీటికి మునుగుతుంది. ధారల వరసల్లో జరిగేది సరిగ్గా ఇదే. ఒక పక్కకే దారి ఉంటే, మొదటి వరస కొట్టిన నీరు రెండో వరసకు అడ్డం పడుతుంది, ఆ రెండింటి నీరూ మూడో దానికి. చిట్టచివరి ధార రాగిని చేరేలోపే పక్క ప్రవాహానికి వంగిపోతుంది, కొట్టాల్సిన దెబ్బ జారిపోతుంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ధారల పలకకూ రాగికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, నీరు ఒక్క పక్కకే పోయేలా పెడితే, ఆ అంచున పక్క ప్రవాహం వేగం ధార వేగంలో మూడో వంతుకు చేరుతుంది. అదే ఖాళీలో నీరు నాలుగు పక్కలకూ పోగలిగితే పదో వంతుకు దిగుతుంది. ధార దెబ్బ ఇంకా గట్టిగా తగలాలని ఖాళీని అర మిల్లీమీటరుకు తగ్గిస్తే, నాలుగు పక్కలా దారి ఉన్నా సరే, పోయే నీరు ధార వేగంలో సగానికి పైగా అందుకుంటుంది. వచ్చే నీటికి చేసిన మేలు పోయే నీరు తినేస్తుంది. కాబట్టి ధారల గుంపు చుట్టూ నాలుగు వైపులా లోతైన కందకం చెక్కించాం. కొట్టిన ప్రతి ధారా దగ్గరి అంచుకు పోయి ఆ కందకంలో దిగుతుంది, అక్కడి నుంచి తీరిగ్గా బయటి గొట్టానికి. బెల్జియంలోని ఐమెక్ సంస్థ 2018లో త్రీడీ ప్రింటింగ్‌తో చేసి చూపిన చల్లబరిచే పలక గురించి ఆ రోజుల్లోనే మళ్ళీ చదివాను. ధార రంధ్రాలు 300 మైక్రాన్లవి, చిప్పు మీదే నేరుగా నీరు. మొదటిసారి చదివినప్పుడు కంటికి ఆననిది ఈసారి కనిపించింది. వాళ్ళు నీరు వచ్చే రంధ్రాల మధ్య మధ్యనే నీరు పోయే రంధ్రాలు కూడా పెట్టారు. ప్రతి ధారకూ పక్కనే దాని మురుగు బోదె. నిమిషానికి ఒక్క లీటరు నీటితో, చదరపు సెంటీమీటరుకు నూరు వాట్ల వేడికి చిప్పు 15 డిగ్రీల కంటే తక్కువే పెరిగిందని వాళ్ళ ప్రకటన. అంత చిన్న రంధ్రాల జాలాన్ని బాలానగర్‌లో చెయ్యలేం. కానీ సూత్రం చెయ్యగలం, అది చాలా పెద్ద ఊరట.

అడుగు భాగాన్ని నున్నగా చెయ్యడం మిగిలింది. గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్ళు చల్లి, రాగిని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పోవడమే. 400 నంబరుతో మొదలుపెట్టి 1200 దాకా. మొదట్లో గరగరమంటుంది. తర్వాత తర్వాత చప్పుడు సన్నబడి, చివరికి కాగితం రాగిని పట్టుకుని వదలనట్టు బరువుగా జారుతుంది. చేతికి తెలుస్తుంది చదునైందని, కంటికంటే ముందే. ఈ పని చేస్తున్నప్పుడే నాకు అసలు సందేహం వచ్చింది, దాన్ని దాటెయ్యబుద్ధి కాలేదు. ఇంత చేసి నేను చెదరగొడుతున్నది ఒక్క పొరనే కదా. సిలికాన్ నుంచి దాని లోహపు టోపీకి మధ్య ఒక అతుకు ఉంది, టోపీ ఉంది, దాని మీద పేస్టు ఉంది, ఆ తర్వాత నా రాగి. అవన్నీ తమ తమ డిగ్రీలు వసూలు చేసుకుంటాయి. నా ధార ఎంత గొప్పగా కొట్టినా వాటిలో దేన్నీ ముట్టుకోలేదు. బజారు బ్లాక్‌తో పోల్చినప్పుడు తేడా రెండు మూడు డిగ్రీల లోపే ఉంటుంది, అదీ ఎటు వైపైనా ఉండొచ్చు. గాలితో చల్లబరిచిన రోజులతో పోలిస్తే మాత్రం ప్రాసెసర్ ఎండాకాలంలో కూడా తన వేగాన్ని తగ్గించుకోవడం మానేసింది. పిల్లలు నిద్ర లేవడం లేదు. ఇది తక్కువ కాదు. కానీ దీనికి ఇంత శ్రమ కావాలా అని ఎవరైనా అడిగితే, డిగ్రీల్లో జవాబు చెప్పను. నీరు లోహాన్ని ఎలా తాకుతుందో నాకు ఇప్పుడు తెలుసు అని చెబుతాను. ఎక్కడెక్కడో ఇరవై ఏళ్ళుగా గాలి ప్రవాహాల లెక్కలు కడుతున్నా, ఈ తెలివిడి చేతిలోకి వచ్చింది ఇప్పుడే.

ఇంకో సందేహం పెద్దది. చల్లబరచడం అంటున్నాం కానీ వేడిని ఎవరూ చంపలేదు. రాగి నుంచి నీటికి, నీటి నుంచి రేడియేటరుకు, అక్కడి నుంచి నా గదికి. గది 38 డిగ్రీలుంటే నీరు అంతకంటే కిందికి దిగదు, ఏ ధారా దింపలేదు. ఏసీ వేస్తే ఆ వేడి కిటికీ బయట సందులోకి పోతుంది, అక్కడ తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆవిడ దాని గాలిలో నిలబడుతుంది. పోయే వేడికి కూడా దారి గీయాలి. నా ఒక్క కంప్యూటరుకే ఈ ఆలోచన వస్తే, పెద్దవాటి సంగతేంటి? 2024లో ఎన్విడియా తెచ్చిన సర్వర్ల అల్మరా ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు తాగుతుంది, చిప్పుల మీదకు నేరుగా నీళ్ళు పంపి చల్లబరచాల్సిందే. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రానికి గూగుల్ అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. సంతోషం. అక్కడికి కరెంటు ఎలా వస్తుంది, నీరు ఎలా వస్తుంది అని పేపర్లన్నీ రాశాయి. అంత వేడి బయటికి వచ్చాక ఏ గాలిలోకి, ఏ నీటిలోకి పోతుందన్నది కూడా అంతే వివరంగా గీసి ఆ ఊరి జనానికి చూపించాలని నేను కోరుతున్నాను. బాలానగర్ పెద్దాయన అడిగిన ప్రశ్న అక్కడా అడగాల్సిందే.

మీలో ఎవరైనా, ముఖ్యంగా పాలిటెక్నిక్‌లో చదువుతున్న పిల్లలు, ఇలాంటి బ్లాక్ చెయ్యాలనుకుంటే కాగితం మీద మొదట బయటికి పోయే దారి గీయండి. ధార రంధ్రాల వైశాల్యం మొత్తం కూడి, పోయే దారి ఎక్కడా దానికి మూడు రెట్ల కంటే ఇరుకు కాకుండా చూడండి. వేడి పుట్టే చోటు ఎక్కడుందో తెలుసుకుని ధారలను దాని మీదికి జరపండి. రాగి బ్లాక్‌కు అల్యూమినియం రేడియేటరు జతచెయ్యకండి, ఒకే నీటిలో ఆ రెండు లోహాలుంటే అల్యూమినియం తినుకుపోతుంది. కుళాయి నీళ్ళు వద్దు, బ్యాటరీ కొట్లో డిస్టిల్డ్ వాటర్ అడిగి తెచ్చుకోండి, పాచి పట్టకుండా మందు కలపండి. అన్నీ బిగించాక కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా, పంపు ఒక్కదాన్నే వేరే సప్లయి మీద రాత్రంతా నడపండి. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పరిచి ఉంచండి. తెల్లారి ఆ కాగితాలన్నీ పొడిగా ఉంటేనే ప్రాసెసర్ మీద పెట్టండి.